పుంగనూరు చప్పుళ్లు

మా పుంగనూరికి చుట్టాలొస్తే అందరూ చూపించేవి మూడే. జమీందార్ల ప్యాలెస్, నడుమెత్తు కూడా రాని ఆవులు, గంగమ్మ గుడి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు అన్నీ అయిపోతాయి. నా కూతురు కీర్తనను తీసుకుని వెళ్లిన రోజు ఈ మూడింట్లో ఏదీ చూపించాలని నేను అనుకోలేదు. నాకు కావలసింది చప్పుడు. ఆ ఊళ్లో ఎక్కడ ఏ చప్పుడు బాగుంటుందో చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. ఆ చోట్లన్నిటికీ బిడ్డను తిప్పి, దాని చెవులు పనిచేస్తున్నాయో లేదో నా అంతట నేనే తేల్చుకోవాలని బయలుదేరాను.

కీర్తనకు అయిదేళ్లు. కుప్పంలో యూకేజీ చదువుతోంది. వెనకనుంచి పిలిస్తే పలకదు. క్లాసులో అందరూ రైమ్ పాడుతుంటే ఇది ఒక మాట వెనక ఉంటుంది. పరధ్యానం ఎక్కువ అని టీచరమ్మ అంది. మొండిది అంది మా అత్త వసంతమ్మ. మా ఆయన కిరణ్ "అంతా నీ పోలికే" అని నవ్వేశాడు. నవ్వడానికి వాళ్లకు కారణం ఉంది. బటన్ మింగిందని ఒకసారి, తల వెనక మెత్తగా ఉందని ఒకసారి, నిద్రలో ఊపిరి సరిగా లేదని ఒకసారి నేను దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ప్రతిసారీ డాక్టరు బిడ్డకు ఏమీ లేదని చెప్పి, నాకే ఏదో మాత్ర రాసిచ్చేవాడు. అప్పటినుంచి నా భయానికి ఇంట్లో విలువ పోయింది. నిజం చెప్పాలంటే నాకు కూడా నా భయం మీద నమ్మకం పోయింది.

పైగా, నాకు అర్థం కాని సంగతి ఒకటి ఉంది. కీర్తన ఎవరికి పలకకపోయినా నాకు పలుకుతుంది. అన్నం తింటావా అంటే తల ఊపుతుంది, బూట్లు తెచ్చుకో అంటే తెచ్చుకుంటుంది. "సెవుల్లేని బిడ్డయితే నీకెట్ల పలుకుతాది మే?" అని అత్త అడిగేది. ఎవరూ లేనప్పుడు ఒకసారి దాని వెనక స్టీలు గిన్నె పడేశాను. తిరిగి చూసింది. ఇంకోసారి పడేశాను. తిరగలేదు. మూడోసారి పడేసేలోపు అత్త వచ్చి, గిన్నెకు సొట్ట పడిందని తిట్టింది. ఆ రోజే పుంగనూరు గుర్తొచ్చింది.

"సూసేదానికి ఏముండాది ఆడ? పుంగనూరు ఏమన్నా మైసూరా?" అంది అత్త, నేను బ్యాగు సర్దుతుంటే.

"నేను పుట్టిన ఊరు గదత్తా. బిడ్డకు ఒకసారి సూపించుకోని వస్తా."

"మీయమ్మ బెంగుళూరులో నీ తమ్ముని దగ్గర ఉండాది. మీ నాయన పాయె. ఎవురింటికి పోతావు?"

"ఎవురింటికీ పోను. ఊరు తిరిగి సాయంత్రానికి వచ్చేస్తా."

"తిప్పు, తిప్పు. ఎండలో తిప్పి జరం తెప్పించు. మళ్లా నువ్వే ఆసుపత్రి అని లగెత్తు."

కిరణ్ గ్రానైట్ ఫ్యాక్టరీకి పోతూ బండిలో మమ్మల్ని బస్టాండు దగ్గర దించాడు. హెల్మెట్ తీయకుండానే నా మొహంలోకి చూశాడు.

"ఏమో మనసులో పెట్టుకోనుండావు."

"ఏం లేదు."

"నీ మొగమే సెప్తాది వరా. సరేలే, పోయి రా. బొరుగులు తినిపించు బిడ్డకు, మీ ఊర్లో బాగుంటాయంటివి గదా."

పుంగనూరు మీదుగా పోయే మదనపల్లె బస్సు ఎక్కాం. పలమనేరు దాటేదాకా కీర్తన కిటికీలోంచి చూస్తూనే ఉంది. నేను దాని చెవుల వంక చూస్తూనే ఉన్నాను. చిన్న చెవులు. కుట్టించినప్పుడు ఎంత ఏడ్చిందో. బయటికి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక ఒంపు కూడా తేడా లేదు.

పుంగనూరు బస్టాండులో దిగగానే నా కాళ్లు వాటంతట అవే నడిచాయి. ఇక్కడ మాకిప్పుడు ఇల్లు లేదు, కనుక నేను కూడా టూరిస్టునే. కానీ టీకొట్టు పక్క సందులోంచి పోతే ఎండ తగలదని కాళ్లకు గుర్తుంది. సందు గోడల మీద ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బొమ్మలున్నాయి. అప్పుడు సుద్దతో రాసిన క్రికెట్ స్కోర్లు ఉండేవి. నేను తొమ్మిదో తరగతి దాకా ఈ సందులోంచే బడికి పోయాను. ఆ ఏడాది మా నాన్న చెంగయ్య లారీమీద నుంచి పడి మంచాన పడ్డాడు. తరవాత నేను అదే సందులోంచి పనికి పోయాను.

మొదటి చోటు ప్యాలెస్ పక్కనుండే పాత వంపు గేటు. ప్యాలెస్ కాదు, గేటే. దాని కింద నిలబడి అరిస్తే మన గొంతు మళ్లీ మన దగ్గరికి వస్తుంది. బడి వదిలాక మేమంతా అక్కడ క్యూ కట్టి అరిచేవాళ్లం. ఎవరి గొంతు ఎక్కువ సేపు నిలిస్తే వాళ్లు ఆ రోజుకు రాణి. గేటు దగ్గర ఇప్పుడు ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. చొక్కా మీద రామప్ప అని పేరు కుట్టి ఉంది.

"లోపలికి పోయేదానికి లేదమ్మా. మూసేసినారు."

"మేం లోపలికి రాంలేన్నా. ఈడ గేటు కింద నిలబడి రవంతసేపు అరిసి పోతాం."

ఆయన ఫోన్ కిందికి దించాడు. "అరిసా? యాల?"

"మళ్లా వినపడతాది గదా, అందుకు."

"యా ఊరు మీది?"

"కుప్పం నుంచి వస్తాండాం."

"కుప్పంలో అరిసేదానికి జాగా లేదా తల్లీ? బస్సెక్కి ఈడికి రావల్నా?"

నేను సిగ్గుపడుతూనే గేటు కింద నిలబడి "ఓ" అని అరిచాను. రాళ్లు నా గొంతును కాసేపు దాచుకుని తిరిగి ఇచ్చాయి. ఎన్నేళ్లయిందో ఆ గొంతు విని. కీర్తన నన్ను చూసి కిలకిలా నవ్వి, అదీ "ఓ" అంది. దాని గొంతు నాకన్నా పెద్దది. అది ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది.

"మళ్లా ఎవురు అరిసినారు?" అని అడిగాను, దాని ముందు కూర్చుని.

"నువ్వు."

"నేను కాదు, నేను అరిసినాక. లోపల్నుంచి ఎవురు?"

అది గేటు వంక చూసింది, రామప్ప వంక చూసింది. "ఆ తాత" అంది. రామప్పకు అది నచ్చింది. "నేను అరస్తే ఇట్లుంటాదా పాపా? సూడు" అని లేచి, గేటు కింద నిలబడి, తన పేరు తనే కేకేసుకున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు స్కూటర్లు ఆపి చూశారు. మాకు ముగ్గురికీ నవ్వాగలేదు. నవ్వుతూనే నేను లోపల లెక్క వేసుకున్నాను. ఆ తాత అంది. అంటే వినపడిందా, లేక నేను అడిగాను కాబట్టి ఏదో ఒకటి చెప్పిందా? తేలలేదు.

రెండోది సంత వీధిలో గంగులప్ప కొట్టు. గొడ్లకు కావలసిన పగ్గాలు, కుచ్చులు, మెడగంటలు అమ్ముతాడు. నాన్న బాగున్న రోజుల్లో సంతకు పోతూ నన్ను ఆ కొట్టు ముందు కూర్చోబెట్టి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకెళ్లేవాడు. నాన్న వచ్చేలోపు నేను గంటలన్నీ వాయించి, ఇది ఎద్దుది, ఇది దూడది అని చెప్పేదాన్ని. గంగులప్ప ముసలివాడైపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను చెప్పుకోలేదు. చెప్పుకుంటే మాటల్లో పడి వచ్చిన పని చెడుతుందని భయం.

కీర్తనను ఎర్ర కుచ్చుల ముందు నిలబెట్టి, నేను వెనక్కి జరిగి చిన్న గంట వాయించాను. అది కుచ్చులు నిమురుకుంటూ ఉంది. కొంచెం పెద్దది వాయించాను. ఊహూ. దూడ గంట, ఆవు గంట అయిపోయాయి. ఎద్దు గంట తీసి రెండు చేతులతో ఊపాను. కీర్తన గిరుక్కున తిరిగి నా వంక చూసి నవ్వింది. నా గుండె ఎగిరి గంతేసింది. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను.

"కొనేదానివా, వాయించేదానివా మే?" అన్నాడు గంగులప్ప. "యా గొడ్డుకు?"

"గొడ్డు లేదు తాతా."

"గొడ్డు లేకుండా గంట యాలమ్మా? మొగుని మెడకా?"

ఆయన పళ్లు లేని నోటితో నవ్వుతూ కీర్తన తల పైనుంచి నన్నే చూస్తున్నాడు. అప్పుడు నాకు తట్టింది. నేను గంటలు వాయిస్తున్నంతసేపూ ఆయన ఇలాగే నన్ను చూసి నవ్వుతున్నాడు. కీర్తన ఆయన మొహానికి ఎదురుగా ఉంది. అది తిరిగింది గంటకా, లేక ఈ తాత ఎవరిని చూసి ఇంతగా నవ్వుతున్నాడో చూద్దామనా? దాన్ని కిందికి దించాను. చిన్న గంట ఒకటి కొన్నాను, ఊరికే వాయించి పోవడం బాగుండదని.

బొరుగుల బండి దగ్గర బొరుగులు కొనిచ్చాను. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మరసం, అదే రుచి. కీర్తన కారానికి హుష్షు హుష్షు అంటూనే తిన్నది. ఇంటికి పోదామా అనిపించింది. ఎండ ఎక్కుతోంది. కానీ ఈసారి తేలకుండా పోతే మళ్లీ ఎప్పుడు ధైర్యం చేస్తాను?

మూడోది గోడ. మా వీధి చివర ఒక సినిమా టాకీసు ఉండేది. టికెట్టు కొనే స్తోమత లేని పిల్లలమంతా ఆదివారం మ్యాటినీకి ఆ టాకీసు వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని సినిమా వినేవాళ్లం. హీరో కొట్టినప్పుడు గోడ అదిరేది. పాటలొస్తే అమ్మాయిలం గోడకు చెవి పెట్టి, మాటలు పట్టుకుని, మర్నాడు బడిలో చూసినట్టే చెప్పేవాళ్లం. నేను అలా విన్న సినిమాలు కొన్నింటిని పెళ్లయ్యాక టీవీలో చూస్తే, హీరోయిన్లు నేను అనుకున్నట్టు లేరని కోపం వచ్చింది. ఇప్పుడు ఆ టాకీసు కల్యాణ మండపమైంది. వెనక గోడ మాత్రం అదే. ఆ రోజు లోపల ఎవరిదో పెళ్లి. డోలు, నాదస్వరం, మైకులో పాటలు.

కీర్తనను గోడ దగ్గర కూర్చోబెట్టి, చెవి ఎలా ఆనించాలో చూపించాను. అది చెవి పెట్టలేదు. రెండు అరచేతులూ పెట్టింది. దాని కళ్లు పెద్దవయ్యాయి.

"అమ్మా! గోడ ఎగరతాంది!"

"పాట వస్తాందా లోపల?"

"గోడ ఎగరతాంది. నీ చెయ్యి పెట్టు. నువ్వూ పెట్టు."

నేనూ చెయ్యి పెట్టాను. నిజమే, డోలు దెబ్బకు గోడ ఎగురుతోంది. నా చెవుల్లో నాదస్వరం కూడా ఉంది. దానికి ఉందో లేదో ఎలా అడగాలో నాకు తెలియలేదు. నాదస్వరం వినపడుతుందా అంటే, వినని వాళ్లకు నాదస్వరం అంటే ఏమని చెప్పాలి? నేను అలాగే గోడకు చెయ్యి పెట్టి కూర్చున్నాను. అది సంతోషంగా ఒక్కో చోట చెయ్యి మార్చి, ఇక్కడ ఎక్కువ ఎగురుతోంది, ఇక్కడ తక్కువ అని చెబుతూ పోయింది.

ఇక మిగిలింది ఘనీ సాబు షెడ్డు ఒక్కటే. పట్టు దారానికి పురి పెట్టే మిషన్లు తిరిగే చోటు. బడి మానేశాక పెళ్లయ్యేదాకా నేను పనిచేసింది అక్కడే. అక్కడికి పరీక్ష పెట్టడానికి పోలేదు. ఆ మిషన్ల హోరులో ఏం పరీక్ష పెడతాను? మా ఆపాను ఒకసారి చూసి, నీళ్లు తాగి, కుప్పం బస్సెక్కుదామని పోయాను. ఆపా అంటే ఘనీ సాబు భార్య నూరున్నీసా. షెడ్డులో ఆడపిల్లలమంతా ఆమెను అలాగే, వాళ్ల మాటలో అక్కా అని, పిలిచేవాళ్లం.

తలుపు తీయగానే ఆ హోరు మీద పడింది. దారం చుట్టే వందల కదుళ్లు ఒక్కసారిగా తిరిగే చప్పుడు. ఆ వేడి, తడి పట్టు వాసన, నూనె వాసన. నా ఒళ్లంతా పదిహేనేళ్ల పిల్లదైపోయింది. మొదటి రోజు ఈ హోరుకు తలనొప్పి వచ్చి ఏడ్చాను. తరవాత అందులోనే ఎంత మాట్లాడుకున్నామో. అక్కడ గొంతు పెట్టి మాట్లాడితే దండగ, ఎవరికీ వినపడదు. ఎదుటి మనిషి ముందుకు పోయి, భుజం తట్టి, మొహంలో మొహం పెట్టి, పెదవులతో మాటలు చెక్కినట్టు చెప్పాలి. కళ్లు, కనుబొమలు, చేతులు అన్నీ కలవాలి. దారం తెగిందని, టీ వచ్చిందని, ఫలానా వాడు సైకిల్ మీద మళ్లీ వెనకే వచ్చాడని, అన్నీ అలాగే. ఘనీ సాబు పక్కనే తిరుగుతుంటే ఆయన ఎదురుగానే ఆయన నడకను వెక్కిరించేవాళ్లం. ఆయనకు ఒక్క ముక్క తెలిసేది కాదు. నాకు పెళ్లి కుదిరిందని, కుప్పం అబ్బాయని ఆపాకు చెప్పింది కూడా రెండు మిషన్ల మధ్య నిలబడి, ఒక్క అక్షరం బయటికి రాకుండానే.

ఆపా నన్ను చూడగానే చేతిలో ఉన్న బాబిన్లు బుట్టలో పడేసి వచ్చి వాటేసుకుంది. నెరిసిన జుట్టుకు గోరింటాకు పెట్టుకుంది. 'ఎంత సన్నగా అయిపోయావే' అన్నది ఆమె నోరు. 'సాబు ఎట్ల ఉండాడు' అన్నది నా నోరు. 'మంచం మీద ఉండి అందర్నీ తిడతాండాడు, బాగుండాడు' అన్నది ఆమె. ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నేళ్లయినా ఆ షెడ్డు మాట మరిచిపోలేదు.

అప్పుడు ఆపా కిందికి వంగి కీర్తన బుగ్గ పట్టుకుంది. ఆమె పెదవులు కదిలాయి. 'నీ పేరేంది?'

"కీర్తన" అంది నా కూతురు.

'ఏం తిన్నావు?'

"బొరుగులు. కారం."

'ఎవురు కొనిచ్చినారు?'

"అమ్మ."

'నాకు ఇయ్యవా?'

"అయిపోయినాయి." అని, చేతులు రెండూ విప్పి ఖాళీగా చూపించింది.

పక్క మిషన్ల దగ్గర ఉన్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. ఆపా చప్పట్లు కొట్టి నా వైపు తిరిగింది. ఆమె మొహమంతా సంతోషం. 'సూడు వరా! కొత్తగా చేరినోళ్లకు ఈ మాట పట్టుబడేదానికి ఎన్నాళ్లు పడతాది! నీ బిడ్డ అడుగు పెట్టంగానే మాట్లాడతాంది. మా షెడ్డు బిడ్డే ఇది!'

నేను నవ్వలేదు. ఆపా నోట్లోంచి ఒక్క చప్పుడు కూడా రాలేదని నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ గొంతు వృథా చేయరు. చప్పుడు లేని మాటను నా కూతురు తడుముకోకుండా అందుకుంది. అది నేర్చుకోవాల్సిన పని లేదు. దానికి మాట అంటే అదే.

దాన్ని ఎత్తుకుని వెనక తలుపులోంచి పెరట్లోకి వచ్చేశాను. పెరడు నిశ్శబ్దంగా ఉంది. తీగె మీద ఆరేసిన సంచులు, ఒక తొట్టి, గోడ మీద కాకి. కీర్తనను తొట్టి గట్టు మీద నిలబెట్టి, దానికి ఎదురుగా నిలబడ్డాను. గొంతు లేకుండా, పెదవులతో అడిగాను. 'నీళ్లు తాగుతావా?'

"ఊ" అంది.

పైట కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంట్లో మాట్లాడినంత గట్టిగానే అడిగాను. "నీళ్లు తాగుతావా తల్లీ?"

కీర్తన నవ్వుతూ నన్ను చూసింది. ఇంకా గట్టిగా అడిగాను. కాకి లేచిపోయింది. కీర్తన వంగి, చెయ్యి చాచి, నా కొంగు కిందికి లాగింది. నేను ఏదో ఆట ఆడుతున్నాననుకుంది. నా నోరు కనపడగానే "ఇప్పుడు సెప్పు" అన్నట్టు చూసింది.

నాకు పలుకుతుంది, ఇంకెవరికీ పలకదు. ఎందుకో అప్పుడు తెలిసింది. అది పుట్టినప్పటినుంచి నేను దాంతో షెడ్డు మాటే మాట్లాడుతున్నాను. దూరం నుంచి పిలిచే అలవాటు నాకు లేదు. దగ్గరికి పోతాను, భుజం తట్టి నా వైపు తిప్పుకుంటాను, అప్పుడు మాట్లాడతాను. షెడ్డులో పనిచేసిన ఆడవాళ్లు ఎవరైనా ఇంట్లో అంతే. మొగుడితో అయినా, పాలవాడితో అయినా అంతే. నా బిడ్డకు నేను నోటిని చూసి చదవడం నేర్పించానని నాకే తెలియదు. అంత బాగా నేర్చుకుంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు.

ఆపా వెనకే వచ్చి నిలబడి ఉంది. కొంగు, తొట్టి మీద బిడ్డ, నా మొహం, అన్నీ చూసింది. ఆమె కూడా కీర్తన వెనక్కి పోయి, రెండు చేతులతో గట్టిగా చప్పట్లు కొట్టింది. కీర్తన తొట్టిలో నీళ్లు కదిలిస్తూ ఉంది.

"యా అల్లా" అంది మెల్లగా. తరవాత నా దగ్గరికి వచ్చి భుజం నొక్కింది. "ఏడవాకు. ముందు మొగం తుడుసుకో. బిడ్డ నిన్నే సూస్తాంది. నీ మొగంలో ఏముంటే అదే దానికి మాట."

"ఎవురూ నమ్మరు ఆపా. అందరికీ నేనంటే నవ్వే."

"ఎవురు నమ్మేదేంది? నీకు తెలిసె గదా, సాలదా? మదనపల్లెలో చెవుల డాక్టరు సాయంత్రం కూసుంటాడు. మా కొడుకు కలీం పోతాంటాడు ఆయన దగ్గరికే. ఇప్పుడు బస్సెక్కితే అందుకోవచ్చు."

"వాళ్ల నాయనను అడగల్ల గదా."

"అడుగు. లేదంటే, సెప్పు. అడిగేది యేరే, సెప్పేది యేరే గదా."

కిరణ్‌కు ఫోన్ చేశాను. అవతల రాయి కోసే చప్పుడు. "ఉండు, బయటికి వస్తాండా" అన్నాడు. చప్పుడు తగ్గింది.

"నేను బిడ్డను పిలుసుకోని మదనపల్లెకు పోతాండా. చెవుల డాక్టరు దగ్గరికి."

"మళ్లానా వరా?"

"ఈతూరి భయపడి పోలేదు. తెలిసి పోతాండా. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని అరిసినా పలకలేదు. నా పెదాలు సూసి మాట్లాడతాంది ఇన్నాళ్లూ."

కీర్తనను తొట్టి గట్టు మీద నుంచి దించి చంకన వేసుకున్నాను.

"బండి మీద ముందర కూసోబెట్టుకోని పోతా గదా," అన్నాడు కిరణ్. గొంతు మారిపోయింది. "దారంతా కథలు సెప్తా దానికి. ఒక్కదానికీ ఊ అనదు. గాలికి వినపడదేమో అనుకుంటాంటి. ఏం మాట్లాడినా, అది ముందరికే సూస్తా ఉంటాది వరా."

"ఏడవాకు. ఫ్యాక్టరీలో అందరూ సూస్తారు."

"సూడనీ. నువ్వు పో. నేనూ వస్తాండా. బస్సుకు కాదు, బండి మీదే వస్తా. యాడుండాలో మెసేజి పెట్టు."

ఆపా తన సద్దికని పెట్టుకున్న జొన్నరొట్టె మాకు పొట్లం కట్టి ఇచ్చింది. కీర్తనకు బాబిన్ ఒకటి ఇచ్చింది, పచ్చటి పట్టు దారం చుట్టినది. బస్టాండులో కుప్పం బస్సు మా ముందే వచ్చి ఆగింది. కండక్టరు "పలమనేరు, కుప్పం" అని అరుస్తున్నాడు. మేం కదల్లేదు. వెనక మదనపల్లె బస్సు వచ్చింది, ఎక్కాం. దారి పొడుగునా ఎదురుగా టమాటా పెట్టెల లారీలు. కీర్తన వాటన్నిటినీ నాకు చూపించింది. నేను దానికి ప్రతిదానికీ పేరు చెప్పాను, దాని వైపు తిరిగి, నిదానంగా.

డాక్టరు దగ్గర జనం ఎక్కువగానే ఉన్నారు. మా వంతు వచ్చాక ఆయన చెవుల్లోకి లైటు వేసి చూసి, అడిగినవన్నీ విని, లోపలి గదిలో పరీక్ష చేయమని ఒక అమ్మాయికి చెప్పాడు. నవ్వలేదు. నాకు మాత్ర రాయలేదు. ఆ అమ్మాయి కీర్తనను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, దాని తలకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టింది. ఒక గిన్నె నిండా రంగు పూసలు, పక్కన ఖాళీ స్టీలు గ్లాసు. చప్పుడు వినపడినప్పుడల్లా ఒక పూస గ్లాసులో వేయాలి. ఆట అని చెప్పింది. నేను కీర్తన ముందు కూర్చుని, పెదవులతో మళ్లీ వివరించాను. తల ఊపింది.

ఆట మొదలైంది. కీర్తన గబగబా పూసలు వేసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నా గుండె నిండిపోయింది. ఆ అమ్మాయి మిషన్ ఆపింది.

"అమ్మా, మీరు అక్కడ కూర్చోకండి."

"నేనేం చెయ్యలేదమ్మా. ఊరికే సూస్తాండా."

"నేను చప్పుడు ఇచ్చినప్పుడల్లా మీకు కొంచెం వినపడుతోంది. మీ కళ్లు కదులుతున్నాయి. పాప మీ మొహం చూసి వేస్తోంది."

పుట్టినప్పటినుంచి దాని మీదనుంచి చూపు తిప్పింది లేదు నేను. నిద్రలో కూడా చెయ్యి దాని మీదే ఉంటుంది. లేచి, కుర్చీని తిప్పుకుని, గోడకు ఎదురుగా కూర్చున్నాను. వెనక కీర్తన "అమ్మా?" అంది. తిరగలేదు. ఆ అమ్మాయి ఏదో సర్ది చెప్పినట్టుంది.

గోడకు లేత నీలం రంగు వేశారు. ఒక మేకు కొట్టి తీసేసిన గుంట ఉంది. దాన్నే చూస్తూ, చెవులన్నీ వెనక్కి పెట్టి కూర్చున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. నా కళ్లు నిండాయి, తుడుచుకోలేదు, నా చెయ్యి కదిలితే అది చూస్తుందని.

గ్లాసులో టక్కున ఒక పూస పడింది.

నేను కదల్లేదు. ఇంకోదాని కోసం వింటూ కూర్చున్నాను.